రెండు పట్టాలు

తెలుగునాట ‘పట్టా’ అనే మాటకు రెండు వాడుకలు ఉన్నాయి. కళాశాల చదువు ముగించినవారు విశ్వవిద్యాలయంనుంచి అందుకొనేది పట్టా. ఇల్లు లేని పేదలు తహసీలుదారు కార్యాలయంనుంచి అందుకొనే ఇంటిస్థలపు కాగితమూ పట్టాయే. సంస్కృతంలో ‘పట్టము’ అనే పదానికి పలక, రేకు అనే అర్థాలున్నాయి. పూర్వం రాజులు దానమిచ్చిన భూముల వివరాలను రాగిరేకులమీద చెక్కించి ఇచ్చేవారు, వాటిని తామ్రపట్టాలన్నారు. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల దానశాసనాలలో ఒక వింత కనబడుతుంది. రాజవంశ ప్రశస్తి అంతా సంస్కృతంలో ధారాళంగా సాగిపోయి, పొలం సరిహద్దులు చెప్పవలసిన చోటికి వచ్చేసరికి తెలుగు మాటలు తలెత్తుతాయి. ఏ గట్టుదాకా, ఏ చెట్టుదాకా భూమి దత్తమయిందో ఊరివారికి తెలియాలి కదా! ప్రశస్తి రాజుది, ఎల్లలు ఊరివి.

చదువు పట్టా, స్థలం పట్టా ఒకదానికొకటి ఎదురుపడే సందర్భాలు తక్కువ. మొదటిది చేతబట్టుకొన్నవారు ఉద్యోగాన్వేషణలో నగరాలకు తరలిపోతారు. రెండవది చేతబట్టుకొన్నవారు పునాదికి డబ్బు ఎలా సమకూరుతుందా అని సంవత్సరాల తరబడి ఎదురుచూస్తారు. ఒకరి కష్టం మరొకరి కంటబడదు. ఈ ఇద్దరినీ ఒక దారిలో కలపడానికి అమెరికాలో కొందరు విద్యార్థులు సైకిలును సాధనంగా ఎంచుకొన్నారు. ఆ ప్రయత్నానికి మూలమైన ఉద్యమం తెలుగుగడ్డను కూడా తాకింది.

మిల్లర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ అనే సంస్థను స్థాపించారు. పిన్నవయస్సులోనే కోటికి పడగెత్తిన ఫుల్లర్ తన సంపదను వదులుకొని పేదల గృహనిర్మాణానికి పూనుకొన్నాడు. ఆయన ఇల్లు ఉచితంగా ఇవ్వలేదు. ఇల్లు కావలసినవారు తమ ఇంటిపనిలోనూ, ఇరుగుపొరుగువారి ఇంటిపనిలోనూ నిర్ణీత గంటలు శ్రమ చేయాలి. నిర్మాణానికి అయిన ఖర్చును లాభం కలపని సులభ వాయిదాలలో తీర్చాలి. అలా తీర్చిన సొమ్ముతో మరొకరి ఇల్లు లేస్తుంది. దాతకూ గ్రహీతకూ మధ్య ఉండే ఎత్తుపల్లాలను ఈ పద్ధతి కొంతవరకు చదును చేసింది. భారతదేశంలో ఆ సంస్థ తొలి కార్యక్షేత్రం ఖమ్మం; అక్కడ 1983లో పని మొదలైంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 82 ఏళ్ళ వయస్సులో, 2006లో, మహారాష్ట్రలోని లోనావాలా సమీపానికి వచ్చి స్వచ్ఛంద సేవకులతో కలిసి ఇళ్ళ పనిలో పాల్గొన్నాడు. ఖమ్మం పేరు మాత్రం ఆ చరిత్రలో అంతకు ఇరవైమూడేళ్ళ ముందే నమోదయింది.

ఇక సైకిలు సంగతి. 1990వ దశకంలో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ నగరంలోని హాబిటాట్ శాఖకు విరాళాలు సేకరించడానికి వేసవిలో అమెరికా ఖండాన్ని సైకిళ్ళమీద దాటడం ప్రారంభించారు. ఆ అనుభవంనుంచే 2002లో ‘బైక్ అండ్ బిల్డ్’ అనే సంస్థ పుట్టింది. ఇందులో చేరినవారు ఎక్కువగా అప్పుడే పట్టా పుచ్చుకొన్న యువతీయువకులు. అట్లాంటిక్ సముద్రతీరంలో బయలుదేరి పసిఫిక్ తీరానికి చేరేవారు. దాదాపు ఆరువేల కిలోమీటర్ల దారి, రెండు నెలలకు పైబడిన ప్రయాణం. రాత్రిళ్ళు చర్చి మందిరాలలో, పాఠశాలల వ్యాయామశాలలలో నేలమీద పడక. మధ్యమధ్య ఏదో ఒక ఊరిలో ఆగి రోజంతా ఇళ్ళ నిర్మాణంలో కూలిపని. ఒక్కొక్కరు బంధుమిత్రులనుంచి నాలుగువేల డాలర్లకు పైగా సేకరించవలసి ఉండేది.

ఈ పద్ధతిని ఆక్షేపించినవారూ ఉన్నారు. పేదలకు ఇల్లు కట్టించడానికి సైకిలెందుకు? సేకరించిన డబ్బు నేరుగా పంపితే చాలదా? నైపుణ్యం లేని విద్యార్థి ఒకరోజు మోసిన ఇటుకలను తాపీ మేస్త్రి పావుపూటలో పేర్చగలడు గదా! ఇవి కొట్టివేయదగిన ప్రశ్నలు కావు. పైగా అది ప్రమాదాలతో కూడిన యాత్ర; రహదారులమీద వాహనాలు ఢీకొని ప్రాణాలు కోల్పోయిన యువతీయువకులున్నారు. నిర్వాహకుల సమాధానం మరో దిక్కునుంచి వచ్చింది: డబ్బు సేకరణ సగం పని మాత్రమే, ఇల్లు లేని స్థితి ఎలా ఏర్పడుతుందో యువతరం దగ్గరగా చూసి, ఆ ఎరుకను జీవితాంతం వెంట తీసుకొనిపోవడం మిగిలిన సగం. ఈ సమాధానం సరైనదే అనిపిస్తుంది. అయితే ఒక నిబంధన ఉన్నది. చూడవలసినదాన్ని చూడాలి. దారి పొడుగునా ఎన్ని కిలోమీటర్లు తొక్కామన్న లెక్కే చూసుకొన్నవారికి ఆ సగం దక్కదు.

నడిచి అడగడం మన దేశానికి కొత్తకాదు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చాడు. ఆ దానం భూదానోద్యమానికి నాంది అయి వినోబాను దేశమంతటా పాదచారిని చేసింది. నడక అయినా సైకిలైనా దాని గుణం ఒక్కటే. కారులో పోయేవారికి ఊరు వెనక్కు జారిపోతుంది; సైకిలుమీద పోయేవారిని ఊరు పలకరిస్తుంది.

అటువంటి ఒక పట్టభద్రురాలు మన కృష్ణా డెల్టాలో ప్రయాణానికి సిద్ధమయిందనుకుందాం. పేదల ఇళ్ళకోసం విరాళాలు సేకరించే ఒక బృందంలో చేరి విజయవాడనుంచి సముద్రంవైపు బయలుదేరింది. గమ్యం కృష్ణానది సాగరసంగమం చేసే హంసలదీవి. వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా దూరం. పూర్తిగా పల్లపు నేల కాబట్టి గేర్లు లేని మామూలు సైకిలు చాలు. మధ్యాహ్నం దాటిన తరువాత సముద్రంనుంచి వీచే పైరగాలి ఎదురుగా వచ్చి తొక్కుడు బరువెక్కుతుంది కనుక తెల్లవారకముందే బయలుదేరడం తెలివైన పని. ఆమెకు ఈ దారిలో ఏమేమి కనబడుతుంది?

మొదట విజయవాడ నగరమే కనబడుతుంది. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి ఈ నగరానికి ప్రాణం పోశాయి. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని కబళించిన కరువు వంటిది మళ్ళీ రాకూడదని త్రవ్విన కాలువలు డెల్టాను ధాన్యాగారం చేశాయి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ నగరం నడుమనుంచే సాగుతాయి. కరువును తరిమిన ఆ కాలువల గట్లే పల్లెలనుంచి పొట్టచేతబట్టుకొని వచ్చిన రిక్షా కార్మికులకు, ముఠా కూలీలకు, ఇళ్ళలో పాచిపని చేసుకొనే స్త్రీలకు నివాసాలయ్యాయి. గట్టుమీద చోటు దొరకనివారు కొండలెక్కారు. మొగల్రాజపురం, గుణదల కొండల వాలులలో ఇళ్ళు ఒకదాని భుజంమీద ఒకటి నిలబడినట్లు కనిపిస్తాయి. మంచినీళ్ళ బిందెతో ఆ మెట్లన్నీ ఎక్కేవారికే ఆ ఎత్తు తెలుసు.

గట్టుమీద, గుట్టమీద ఎందుకుండడం? దూరంగా స్థలమిస్తే పోరాదా? ఇక్కడే ‘అందుబాటు’ అనే మాటకు అసలైన అర్థం తెలుస్తుంది. అద్దెగానీ వాయిదాగానీ ఆదాయంలో నూటికి ముప్పై వంతులు మించకపోతే ఆ ఇల్లు అందుబాటులో ఉన్నట్లు అమెరికాలో లెక్కకట్టారు. విజయవాడ కూలికి ఈ లెక్క సగమే సరిపోతుంది. తెల్లవారుజామున మార్కెట్టులో బస్తాలు దించవలసినవాడికి పనికి ఎంత దగ్గరగా ఉన్నామన్నదే ఇంటి విలువ. కేంద్రప్రభుత్వం 2005 డిసెంబరులో ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద నగర శివారున జక్కంపూడి వంటి చోట్ల అంతస్తుల ఇళ్ళు కట్టారు. పైన స్లాబు, లోపల కుళాయి ఉన్నాయి. అయినా బస్సు ఛార్జీలకూ, పోయిన పనిగంటలకూ లెక్క వేసుకొన్నవారికి గట్టుమీది పాకే చవక అనిపించిందంటే వారిని అజ్ఞానులనడానికి వీల్లేదు.

గట్టుమీద బతుకు చవక, కాని చవకకు ప్రాణం పణంగా పెట్టవలసి వస్తుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ఇళ్ళలోనివారు మరణించారు. ఆ వెంటనే సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ‘విజయవాడ దుఃఖదాయిని’ అని బుడమేరుకు పాతపేరే. అదే సమయంలో ప్రకాశం బ్యారేజినుంచి 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం దిగువకు పోయింది; అంతకుముందెన్నడూ అంత నీరు దాటలేదు. నది అంచునే ఉన్న కృష్ణలంకను కొత్తగా కట్టిన రక్షణగోడ చాలావరకు కాపాడింది. నదికి దూరంగా, భద్రమనుకొన్న సింగ్‌నగర్ మునిగింది. ఇంటికి మొదట కావలసినది గోడలా, ఎత్తైన నేలా అని అడిగితే ఆ ప్రాంతాలవారు తడుముకోకుండా జవాబు చెబుతారు.

నగరం దాటి యనమలకుదురు వైపు తిరిగితే కృష్ణ కరకట్ట వస్తుంది. వరదనీరు పొలాలలోకి పొర్లకుండా నదీతీరం వెంట పోసిన మట్టికట్టకు కరకట్ట అని పేరు. దానిమీద దారి అవనిగడ్డదాకా పోతుంది. ఒకప్రక్క నది, లంకభూములు, అరటితోటలు, పసుపు, కంద, రెండవప్రక్క వరిపొలాలు. కట్టకు లోపలివైపున్న ఊళ్ళకు వరద వార్త. నదివైపున్న లంకలకు వరద అతిథి, చెప్పి వచ్చినా చెప్పకుండా వచ్చినా. కృష్ణాతీరాన పొలం గుత్తకు తీసుకొని, పంట నదిపాలై, కప్పం కట్టలేక శ్రీనాథ మహాకవి పడ్డ అవస్థను ఆయన పేర చెలామణిలో ఉన్న ఒక చాటుపద్యం చెబుతుంది. కవిసార్వభౌముణ్ణే కరుణించని నది గుడిసెను కరుణిస్తుందా?

ఈ కరకట్టదారిలోనే శ్రీకాకుళం గ్రామం ఉన్నది. ఉత్తరాంధ్రలోని జిల్లాకేంద్రం కాదు. ఇది ఆంధ్రమహావిష్ణువు వెలసిన కృష్ణాతీర గ్రామం. కళింగ దండయాత్రకు పోతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి వ్రతం ఆచరించాడనీ, స్వప్నంలో స్వామి ఆనతి మేరకు ఆముక్తమాల్యద రచించాడనీ ఆ కావ్యమే చెబుతున్నది. ఆ కావ్యంలోని వర్షర్తు వర్ణన ఈ సందర్భంలో స్మరించదగినది. ముసురు పట్టిన దినాలలో పిడికెడు నిప్పుకోసం ఇల్లిల్లూ తిరగవలసి రావడం, దొరికిన నిప్పు తడికట్టెలకు అంటుకోకపోవడం, పొగకు కళ్ళు మండడం, ఇల్లాలి యాతన — ఇవన్నీ రాయలు ఎంతో సూక్ష్మంగా చిత్రించాడు. సామ్రాజ్యాధిపతికి కురిసే ఇంటి వంటగది అంతగా ఎలా తెలిసిందో పండితులు ఆశ్చర్యపడుతూనే ఉంటారు. దండయాత్రలలో పల్లెలవెంట సాగిన ప్రయాణాలు ఆయనకు ఆ చూపునిచ్చి ఉంటాయని ఊహించవచ్చు.

ముందుకు సాగితే పులిగడ్డ. ఇక్కడికి దగ్గరలోనే కృష్ణ చీలి దివిసీమను తన రెండు చేతుల నడుమ పొదువుకొంటుంది. నదీపాయ మీదుగా కాలువనీటిని దాటించే పులిగడ్డ అక్విడక్టు దివిసీమకు జలప్రదాత. దీవి మొత్తం సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తులో ఉన్న ఒండ్రునేల. ఇటువంటి నేలకు సముద్రం ఎప్పుడూ దూరం కాదు. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పైవేలమంది మరణించారు. 1977 నవంబరు 19న చీరాల సమీపంలో తీరం దాటిన తుపాను దివిసీమమీదికి ఐదారు మీటర్ల ఎత్తున సముద్రాన్ని తెచ్చిపోసింది. ఆ రాత్రి దాదాపు పదివేల ప్రాణాలు పోయాయని ప్రభుత్వ లెక్క. అంతకంటె చాలా ఎక్కువేనని ప్రజల లెక్క. తాటిచెట్లను కౌగిలించుకొన్నవారు, కొట్టుకుపోతున్న ఇంటికప్పులమీద తేలినవారు బతికి బయటపడ్డారు.

ఆ ఇళ్ళు ఎటువంటివి? తీరాంధ్రంలో తరతరాలుగా వచ్చిన చుట్టిల్లును పరిశీలించాలి. గుండ్రని మట్టిగోడ, దానిమీద శంఖాకారంలో తాటాకు కప్పు, నేలకు దగ్గరగా వాలిన చూరు. మూలలు లేవు కాబట్టి గాలి దాన్ని పట్టుకోలేదు, చుట్టూ జారిపోతుంది. ఏ ఇంజనీరూ గీయని నమూనా అది. నేటి నిపుణులు కూడా గాలివానల ప్రాంతాలలో రెండువాలుల కప్పుకంటె నాలుగువాలుల కప్పు మేలని చెబుతున్నారంటే చుట్టింటి సూత్రాన్నే కొంత మరోరూపంలో చెబుతున్నట్లే. కాని చుట్టిల్లు గాలికి నిలుస్తుంది, నీటికి నిలవదు. మట్టిగోడ నానితే కప్పు నేలకూలుతుంది. ఉప్పెన వచ్చిన రాత్రి పూర్వుల తెలివి సగమే అక్కరకొచ్చింది.

ఉప్పెన తరువాత దివిసీమకు దేశం నలుమూలలనుంచీ సేవాసంస్థలు తరలివచ్చాయి. విద్యార్థులు వచ్చారు. శవాలను ఖననం చేయడంతో మొదలైన పని ఇళ్ళు కట్టడందాకా సాగింది. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు ప్రజలమధ్య నిలిచి పునర్నిర్మాణానికి చేసిన కృషిని దివిసీమ ఇప్పటికీ తలుచుకొంటుంది. ‘దివిసీమ గాంధీ’ అని ఆయనకు పేరు. పేదల ఇళ్ళకోసమే ఒక సంస్థ ఉండాలని 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. తీరం వెంట తుపాను రక్షిత భవనాలు లేచాయి. 1990 మే 9న మళ్ళీ ఈ ప్రాంతాన్నే తీవ్రమైన తుపాను తాకినప్పుడు మృతులు వెయ్యికి లోపే. ముందస్తు హెచ్చరికలు, లక్షలాదిమందిని తరలించడం, తలదాచుకోవడానికి గట్టి కప్పులుండడం — ఈ మూడూ కలిసి సాధించిన తేడా అది. అవనిగడ్డ సమీపంలోని ఉప్పెన స్మారకస్తూపం దగ్గర సైకిలు ఆపి చూస్తే నీరు ఎంతదాకా వచ్చిందో అర్థమవుతుంది.

తరువాతి పథకాల పేర్లు ఇక్కడ ఏకరువు పెట్టనవసరం లేదు. 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో రాష్ట్రంలో ఇందిరమ్మ పథకం, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం వచ్చాయి. చివరిదాని ప్రకారం మైదాన ప్రాంతంలో ఇంటికి కేంద్ర, రాష్ట్రాల వాటా కలిపి 1.20 లక్షల రూపాయలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 30 లక్షల ఇంటిస్థలాల పట్టాలను మహిళల పేర పంపిణీ చేయడం ప్రారంభించింది. పట్టా స్త్రీ పేర ఉండడం చిన్నవిషయం కాదు. తాగుడుకో అప్పుకో ఇల్లు తాకట్టు పడకుండా ఆ సంతకం చాలా కుటుంబాలకు అడ్డుగోడ.

అయితే డెల్టాలో పట్టాకూ ఇంటికీ మధ్య చాలా దూరమున్నది. రెండు పంటలు పండే నేల ఖరీదు ఆకాశాన్ని అంటుతుంది కనుక పేదలకు దక్కేది తరచు పల్లపు చేనే. దానికి ముందు మెరక తోలించాలి. ట్రాక్టరు మట్టికి ఇంత అని చెల్లించాలి. నల్లరేగడి అయితే మరో చిక్కు. వానకు ఉబ్బి, ఎండకు కుంగి, పగుళ్ళు వేసే ఆ నేల తనమీది గోడను కూడా పగులగొడుతుంది. పునాది లోతుగా తీసి ఇసుకతో నింపడమో, అడుగున గంటవలె వెడల్పయ్యే స్తంభాలు దింపడమో చేయాలి. ప్రభుత్వసాయం దశలవారీగా అందుతుంది: పునాదికి ఒకటి, లింటల్ మట్టానికి ఒకటి, స్లాబుకు ఒకటి. ముందు పని, తరువాత బిల్లు. మధ్యలో సిమెంటుకు, ఇనుముకు ఎవరో ఒకరు అప్పివ్వాలి. డెల్టా ఊళ్ళలో లింటల్ దగ్గర ఆగిపోయి, ఇనుపచువ్వలు తుప్పుపట్టి ఆకాశంవైపు చూస్తున్న ఇళ్ళు ఈ మధ్యకాలపు కథలే. కోశాగారంలో అవి ‘ప్రగతిలో ఉన్న గృహాలు’. ఇంటివారు మాత్రం అప్పటికీ ప్రక్కనున్న తాటాకు పాకలోనే వండుకొంటూ ఉంటారు.

సైకిలు బృందం సేకరించిన విరాళం సరిగా వినియోగపడగలిగింది ఈ ఖాళీలోనే. కొత్త ఇల్లు మొదటినుంచి కట్టించి పేరు చెక్కించుకోవడంకంటె ఆగిన ఇంటికి స్లాబు పడేటట్లు చూడడం తక్కువ ఖర్చు, తక్కువ ఆర్భాటం. శిలాఫలకం వేయడానికి మాత్రం అక్కడ గోడ మిగలదు.

కోడూరు దాటి ఏదో ఒక ఊరిలో అటువంటి ఇంటి దగ్గర మన పట్టభద్రురాలు ఆగిందనుకుందాం. తాపీ మేస్త్రి ఆమెను ఎగాదిగా చూసి, ‘ఏమ్మా, ఇటుకలు అందిస్తావా, ఫొటో దిగుతావా?’ అని అడిగినా అడగవచ్చు. అందిస్తానంటే మొదటి పాఠం మొదలవుతుంది. ఇటుకను ముందు నీటిలో నానబెట్టాలి. పొడి ఇటుక మాలులోని తడిని పీల్చేస్తుంది. కలిపిన మాలు గంటలకొద్దీ ఉంచరాదు. రసమట్టం పెట్టి వరుస సమంగా ఉన్నదో లేదో, తూకపుగుండు వదిలి గోడ నిలువుగా ఉన్నదో లేదో చూడాలి. పరంజామీద నిలబడినవాడికి గమేళా అందించేటప్పుడు చేతులు మారే క్షణం తప్పితే కాలిమీద పడుతుంది. సముద్రపు ఇసుక చేతికందేంత దగ్గరలో ఉన్నా వాడరాదు; అందులోని ఉప్పు ఇనుమును తినేస్తుంది. ఏటి ఇసుకే తేవాలి. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన ఆమెకు క్లోరైడులు ఇనుమును తుప్పుపట్టించడం తెలిసిన విషయమే. ఒక ఇసుకలారీ ధరగా, ఒక కుటుంబపు అప్పుగా అది ఎలా మారుతుందో అక్కడే తెలుస్తుంది.

ఇంటి యజమానురాలు మజ్జిగ తెచ్చిస్తుంది. ‘ఏవూరమ్మా మీది, ఎవరమ్మాయివి?’ అని అడుగుతుంది. పల్లెలో ఇది కొత్తవారిని తమవారిగా కలుపుకొనే పద్ధతి. తరువాత పాకలోంచి పాలిథీన్ సంచి తెచ్చి, అందులోంచి మడతలు నలిగిన పట్టాకాగితం తీసి చూపిస్తుంది. దానిమీద సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు ఎల్లలు: తూర్పున దారి, పడమర కాలువ, ఉత్తరాన ఒకరి స్థలం, దక్షిణాన మరొకరిది. ఆమెకు చదువు రాకపోవచ్చు. ఎల్లలు మాత్రం కంఠస్థం. ఆ కాగితంలో ఒక సర్వే నంబరు తప్పుపడి బిల్లు ఆగిందేమో, దరఖాస్తు రాసిపెట్టమంటుందేమో. ఇటుకలు మోయడంలో మేస్త్రికి ఏమాత్రం సరితూగని పట్టభద్రురాలు ఆ దరఖాస్తు రాయడంలో సరితూగుతుంది. ఆరువేల కిలోమీటర్ల యాత్ర చేసినా, వంద కిలోమీటర్ల యాత్ర చేసినా, చదువుకొన్నవారి చేతిలో పేదల ఇంటికి సూటిగా ఉపయోగపడే పనిముట్టు అదే కావచ్చు. మండల కార్యాలయంలో ఆ దరఖాస్తు వెంటబడి ఎవరు తిరుగుతారన్నది తరువాతి ప్రశ్న. దానికి సైకిలు యాత్ర ముగిశాక కూడా రావలసి ఉంటుంది.

సాయంత్రానికి స్లాబు పని పూర్తవుతుంది. మరునాడు తెల్లవారుజామున సైకిళ్ళు హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయం మీదుగా సముద్రపు ఒడ్డుకు సాగిపోతాయి. కాంక్రీటు గట్టిపడాలంటే కనీసం రెండు వారాలపాటు స్లాబు ఆరకుండా తడుపుతూ ఉండాలి. దివిసీమలో బోరువేస్తే చాలాచోట్ల పడేది ఉప్పునీరు, అది పనికిరాదు. కాలువనుంచి మంచినీరు మోసుకురావాలి. స్లాబుచుట్టూ మట్టితో చిన్న గట్లు కట్టి, వాటిలో నీరు నింపి, ఎండకు ఇంకినప్పుడల్లా మళ్ళీ నింపాలి. పాకలోని ఇల్లాలు రెండు బిందెలు తీసుకొని అప్పటికే కాలువవైపు నడుస్తూ ఉంటుంది.

అభ్యాసం

1. ‘పట్టా’ అనే పదానికున్న రెండు వాడుకలను పాఠం ఆధారంగా వివరించండి.
2. చుట్టింటి నిర్మాణంలోని విశేషమేమిటి? 1977 ఉప్పెనలో దాని లోపం ఎలా బయటపడింది?
3. కాలువగట్టుమీది కుటుంబం శివారులోని కొత్త ఇంటికి పోవడానికి వెనుకాడడంలో న్యాయమున్నదా? మీ అభిప్రాయం రాయండి.
4. మీ ఊరిలో లింటల్ దగ్గరో, పునాది దగ్గరో ఆగిపోయిన ఒక ఇంటిని చూసి, ఇంటివారిని అడిగి కారణాలను ఒక పుటలో రాయండి.
5. ‘ప్రశస్తి రాజుది, ఎల్లలు ఊరివి’ — సందర్భసహిత వ్యాఖ్య రాయండి.